సముద్రం చేజారింది, బాకు మిగిలింది: కుకి వంశపు కథ

జపాన్‌లోని ఒకయామా నగరంలో హయాషిబారా కళా మ్యూజియం ఉంది. అక్కడి సేకరణలో ఒక చిన్న బాకు ఉంది. అలుగు పొడవు 24.8 సెంటీమీటర్లు, అంటే జానెడు కన్నా కాస్త ఎక్కువ. జపాన్ ప్రభుత్వం జాతీయ సంపదగా ప్రకటించిన కత్తుల్లో ఇదొకటి. పేరు ‘కుకి మసమునే’. మసమునే అన్నది దాన్ని చేసిన కమ్మరి పేరు. కుకి అన్నది ఒకప్పుడు దాన్ని దగ్గర పెట్టుకున్న ప్రభువుల ఇంటిపేరు. ఆ ఇంటిపేరును రాసే రెండు చిత్రాక్షరాలకు అర్థం ‘తొమ్మిది దెయ్యాలు’.

కుకి అనగానే జపాన్ చరిత్ర తెలిసినవాళ్లకు ముందు గుర్తొచ్చేది కత్తి కాదు, ఓడ. ఆ వంశంలో అందరికన్నా పేరుమోసిన కుకి యోషితాకా 16వ శతాబ్దపు జపాన్‌లో నౌకాదళాలు నడిపిన వీరుల్లో మొదటి వరసలోని వాడు. ఆయన గెలుపులన్నీ ఓడలతో, ఫిరంగులతో, ఇరుకు జలమార్గాల మీద పట్టుతో వచ్చాయి. చేతిలో కత్తి పట్టి ఫలానా యుద్ధం గెలిచాడని చెప్పుకోవడానికి ఆయన జీవితంలో పెద్దగా ఏమీ లేదు. అయినా నేడు గాజు పెట్టెలో భద్రంగా ఉన్నది ఓడ కాదు, బాకు. ఇలా ఎందుకు జరిగిందో అర్థం కావాలంటే ఆ కాలపు సమురాయ్ ప్రభువుకు కత్తి దేనికి పనికొచ్చేదో ముందు తెలియాలి. పోరాడటం అన్నది ఆ పనుల్లో ఒకటి మాత్రమే, అదీ అన్నిటికన్నా ముఖ్యమైనది కాదు.

యోషితాకా 1542లో షిమా ప్రాంతంలోని నకిరి అనే రేవు కోటలో పుట్టాడు. షిమా అంటే ఇసే అఖాతం నోటి దగ్గర, పసిఫిక్ సముద్రంలోకి పొడుచుకు వచ్చిన చిన్న ద్వీపకల్పం. తీరమంతా చిరిగిన గుడ్డ అంచులా ఉంటుంది. లెక్కలేనన్ని చీలికలు, కయ్యలు, దీవులు, నీటి కింద దాక్కున్న రాళ్లు. వ్యవసాయానికి నేల తక్కువ. ఊపిరి బిగబట్టి సముద్రం అడుగు నుంచి నత్తగుల్లలు, నాచు తెచ్చే ఆడవాళ్లకు ఈ తీరం ఇప్పటికీ ప్రసిద్ధి. పక్కనే జపాన్‌లో అత్యంత పవిత్రమైన ఇసే ఆలయం. తూర్పు జపాన్‌కీ ఓసాకా వైపుకీ తిరిగే సరుకు పడవలన్నీ ఈ నోటి ముందు నుంచే పోవాలి. అందుకే ఈ రేవుల్లోని చిన్న చిన్న దొరలు బతికింది పొలం మీద కాదు, దారి మీద. తమ నీళ్లలోంచి వెళ్లే పడవ దగ్గర సుంకం తీసుకునేవాళ్లు. సుంకం ఇచ్చిన పడవకు దారి చూపించేవాళ్లు, కాపలా ఇచ్చేవాళ్లు. ఇవ్వని పడవను దోచేవాళ్లు. జపాన్ పత్రాల్లో వీళ్లకు వాడిన మాటను సముద్రపు దొంగలు అని అనువదించడం మామూలే గానీ, ఆ మాట సగమే నిజం. దొంగ, సుంకరి, దారి చూపే సరంగు, ఊరి పెద్ద, నలుగురూ ఒకే మనిషిలో ఉండేవాళ్లు.

కుకి కుటుంబం మూలం షిమా కూడా కాదు. దక్షిణాన కీ ప్రాంతంలో, ఇప్పటి ఒవాసే పట్టణం దగ్గర కుకి అనే చిన్న రేవు ఉంది. ఇంటిపేరు ఆ ఊరిదే. షిమాకు తర్వాత వలస వచ్చినవాళ్లు కాబట్టి చుట్టుపక్కల దొరలకు వీళ్లంటే పడేది కాదు. 1560 ప్రాంతంలో వాళ్లంతా ఏకమై, పెద్ద ప్రభువులైన కితాబతాకేల అండతో కుకి వాళ్ల మీద పడ్డారు. యోషితాకా అన్న కియోతాకా ఆ పోరులో చనిపోయాడు. అన్న కొడుకును వెంటబెట్టుకుని యోషితాకా కొండల్లోకి పారిపోయాడు. అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. ఊరు లేదు, కోట లేదు. చేతిలో మిగిలింది ఒక్కటే, ఆ తీరంలో ఏ రాయి ఎక్కడుందో తెలిసిన జ్ఞానం.

ఆ జ్ఞానం అవసరమైన మనిషి త్వరలోనే దొరికాడు. ఓదా నోబునాగా దేశాన్ని తన చేతిలోకి తెచ్చుకునే పనిలో ఉన్నాడు. నేల మీద సైన్యం ఉంది గానీ ఓడలు లేవు. నోబునాగా సేనాని తకిగావా కజుమాసు ద్వారా యోషితాకా ఆయన కొలువులో చేరాడు. 1569లో నోబునాగా కితాబతాకేల మీదకు వెళ్లినప్పుడు సముద్రం వైపు నుంచి దాడి నడిపింది యోషితాకా. తనను తరిమిన దొరలను ఒక్కొక్కరినే లొంగదీసి షిమా మొత్తాన్ని చేతిలోకి తెచ్చుకున్నాడు.

ఇక్కడ ఒక చీకటి అధ్యాయం దాటవేయకూడదు. 1574లో నోబునాగా నాగాషిమా మీద దండెత్తాడు. ఇసే అఖాతం తలభాగంలో, నదులు చీలిపోయి కలిసే లంకల్లో బౌద్ధ శాఖ ఒకదాన్ని నమ్మిన రైతులూ యోధులూ కోటలు కట్టుకుని ఆయనకు ఎదురు నిలిచిన చోటు అది. అంతకుముందు నేల మార్గాన చేసిన దాడులు విఫలమయ్యాయి. ఈసారి యోషితాకా పెద్ద ఓడలు నదీముఖాల్లోకి వచ్చి లంకలను చుట్టుముట్టాయి. తిండి లోపలికి పోలేదు, మనిషి బయటకు రాలేదు. వేలమంది ఆకలితో చచ్చారు. చివరికి మిగిలినవాళ్లను కంచెల్లో బంధించి నిప్పు పెట్టించాడు నోబునాగా. ఆ మంటల్లో 20,000 మంది పోయారని నోబునాగా జీవితాన్ని రాసిన అనుచరుడే నమోదు చేశాడు. ఓడలు వేసిన ముట్టడి లేకపోతే అది సాధ్యమయ్యేది కాదు. యోషితాకా ప్రతిభను మెచ్చుకునేవాళ్లు ఈ లంకలను కూడా లెక్కలో వేసుకోవాలి.

రెండేళ్ల తర్వాత కథ ఓసాకాకు మారింది. అదే బౌద్ధ శాఖకు కేంద్రమైన హోంగాంజి కోటను నోబునాగా ముట్టడించాడు. పశ్చిమ జపాన్ ప్రభువులైన మోరి వంశం వాళ్లు సముద్ర మార్గాన కోటకు బియ్యం పంపారు. వాళ్లకు అండగా, జపాన్ పెద్ద దీవుల మధ్యనున్న లోతట్టు సముద్రంలో తిరుగులేని మురాకామి పడవల దండు ఉంది. 1576లో కిజు నది ముఖం దగ్గర నోబునాగా పక్షం పడవలు వాళ్లను అడ్డుకున్నాయి. మురాకామి వాళ్లు మట్టికుండల్లో మందుగుండు కూరి, వత్తి వెలిగించి, ఆ పడవల మీదకు విసిరారు. చెక్క పడవలు కాలిపోయాయి. బియ్యం కోటలోకి చేరింది.

అప్పుడు నోబునాగా యోషితాకాను పిలిపించి, కాలని ఓడలు కట్టమన్నాడు. యోషితాకా ఆరు కట్టించాడు, తకిగావా కజుమాసు ఒకటి కట్టించాడు. 1578 వేసవిలో ఈ ఏడూ ఇసే నుంచి బయలుదేరి కీ ద్వీపకల్పాన్ని చుట్టి, దారిలో అడ్డొచ్చిన పడవలను ఫిరంగులతో చెదరగొట్టి, ఓసాకా పక్కనున్న సకాయి రేవు చేరాయి. నారా నగరంలోని బౌద్ధ సన్యాసి ఎయిషున్ తన దినచర్యలో వీటి గురించి రాసుకున్నాడు. వెడల్పు ఏడు కెన్‌లు, పొడవు పన్నెండు పదమూడు కెన్‌లు, తుపాకీ గుండ్లు దూరకుండా ఇనుముతో చేసిన ఓడలని ఆ రాత. కెన్ అంటే సుమారు 1.8 మీటర్లు. ఆ లెక్కన ఓడ వెడల్పు 12 మీటర్లు దాటుతుంది, పొడవు సుమారు 22, 23 మీటర్లు. సముద్రం మీద పరుగెత్తే ఓడ ఆకారం కాదిది. నీళ్ల మీద తేలే బురుజు అనుకుంటే సరిపోతుంది.

ప్రపంచంలో మొదటి ఇనుప యుద్ధనౌకలు ఇవేనని చాలాచోట్ల చదువుతాం. ఆ మాట దగ్గర కాస్త ఆగాలి. ఎయిషున్ విన్నది రాశాడు. సకాయి రేవులో ఆ ఓడలను కళ్లారా చూసిన ఇటలీ మతబోధకుడు ఒర్గాంతీనో, ఒక్కోదాని మీద మూడేసి పెద్ద ఫిరంగులున్నాయని ఆశ్చర్యపడుతూ రాశాడు. ఇనుప తొడుగు మాట మాత్రం ఎత్తలేదు. నోబునాగా చరిత్ర రాసిన అనుచరుడూ ఎత్తలేదు. కాబట్టి ఓడంతా ఇనుమే అని ఊహించుకోవడం అతిశయోక్తి. మట్టికుండ బాంబులు తగిలే పైభాగాలకు ఇనుప రేకులు కొట్టి ఉండొచ్చన్నది సబబైన ఊహ. అసలు బలం ఆ ఫిరంగుల్లోనే ఉంది. ఆ ఏడాది డిసెంబరులో, జపాన్ పాత పంచాంగం ప్రకారం పదకొండో నెల ఆరో తేదీన, సుమారు 600 మోరి పడవలు వచ్చాయి. యోషితాకా తొందరపడలేదు. దగ్గరికి రానిచ్చి, సేనాధిపతి ఎక్కినట్టు కనిపించిన పడవ మీద గురిపెట్టి పెద్ద ఫిరంగులు పేల్చాడు. మిగతావి దగ్గరకు రావడానికి జంకాయి. వెనక్కి తరిమేశాడు. బియ్యం అందే దారి ఇరుకై, 1580లో హోంగాంజి లొంగిపోయింది. తర్వాతి కాలంలో యోషితాకా 35,000 కొకుల ప్రభువయ్యాడు. ఒక కొకు అంటే ఒక మనిషికి ఏడాదికి సరిపడే బియ్యం. ప్రభువు హోదాను అప్పుడు ఆ కొలతతోనే లెక్కకట్టేవారు.

ఈ యుద్ధాల్లో కత్తి ఎక్కడుంది? దాదాపు లేదు. ఆనాటి పెద్ద యుద్ధనౌక నలువైపులా చెక్క గోడలున్న పెట్టెలా ఉండేది. గోడల్లో తుపాకులకు, బాణాలకు కంతలు. దూరాన ఫిరంగి, దగ్గరికొస్తే తుపాకీ, ఇంకా దగ్గరికొస్తే నిప్పు. పడవకు పడవ తగిలినప్పుడు ముందుకొచ్చేవి పొడవాటి కర్రలకు బిగించిన కొక్కేలు, ఈటెలు, వంకర అలుగుల ఆయుధాలు. అవతలి పడవలోకి దూకిన తర్వాత, ఊగే చెక్క మీద, ఇరుకులో, అప్పుడు గానీ నడుముకున్న కత్తికి పని పడదు. పైగా ఉప్పుగాలి ఉక్కుకు శత్రువు. ఒక్క రాత్రి తేమకు తుప్పు చుక్క పుడుతుంది. అందుకే జపాన్ వాళ్లు కత్తికి లవంగ నూనె రాసి, మెత్తని మాగ్నోలియా చెక్క ఒరలో పెట్టి దాచేవాళ్లు. ఆ కత్తిలోనూ సముద్రం ఉంది. చెమట పట్టిన చెయ్యి జారకుండా పిడికి చుట్టేది టేకు చేప చర్మం. గరుకుగా, ముత్యాల్లాంటి గింజలతో ఉండే ఆ చర్మాల్లో మేలైనవి దక్షిణ సముద్రాల నుంచి, సియాం వైపు నుంచి ఓడల్లో వచ్చేవి.

పోరాడే కత్తికీ దాచుకునే కత్తికీ తేడా ఉంది. ఇసే అఖాతం చుట్టుపక్కల యోధులు విరివిగా వాడిన కత్తుల్లో కువానా పట్టణపు మురమసా పనివాళ్లవి ఉన్నాయి. ఆ కువానా నాగాషిమా లంకల పక్కనే ఉంటుంది. బాగా తెగుతాయన్న పేరున్న పనిముట్లు అవి. ఆపై జపాన్‌ను ఏలిన తొకుగావా వంశానికి మురమసా కత్తులు శాపమన్న కథ తర్వాత పుట్టింది. ఆ వంశం మూలాలున్న మికావా ప్రాంతం ఇసేకు దగ్గర, అక్కడివాళ్ల నడుముకు మురమసా ఉండటమే మామూలు. కాబట్టి ఆ ఇంట్లో జరిగిన హత్యల్లో, మరణాల్లో ఆ కత్తి కనిపించడంలో వింతేమీ లేదు. మసమునే సంగతి వేరు. ఆయన 13వ శతాబ్దం చివర, 14వ శతాబ్దం మొదట్లో కమకురా దగ్గర సగామి ప్రాంతంలో పనిచేసిన కమ్మరి. మురమసాకు సుమారు రెండు వందల ఏళ్ల ముందువాడు. వీళ్లిద్దరూ పోటీ పడ్డారన్న జనప్రియమైన కథకు కాలమే అడ్డు. యోషితాకా పుట్టేనాటికే మసమునే కత్తి పురావస్తువు. దాన్ని తీసుకుని ఓడ ఎక్కేవాళ్లు లేరు.

మసమునే గొప్పతనం ఉక్కు లోపల ఉంది. ఇనుప ఇసుకను బొగ్గుతో మట్టి కొలిమిలో రోజుల తరబడి కాల్చి తీసిన ఉక్కును సాగగొట్టి, మడిచి, మళ్లీ కొట్టి పొరలు పొరలుగా చేస్తారు. తర్వాత అలుగుకు మట్టి పూస్తారు, వెన్ను వైపు మందంగా, వాదర వైపు పల్చగా. ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే వాదర వేగంగా చల్లబడి గట్టిపడుతుంది, వెన్ను మెత్తగా ఉండి దెబ్బను ఓర్చుకుంటుంది. రెండూ కలిసే సరిహద్దులో తెల్లని అలల గీత ఏర్పడుతుంది. మసమునే కత్తుల్లో ఆ గీత వెంట కంటికి విడివిడిగా కనిపించే స్ఫటికాలు మంచు బిందువుల్లా మెరుస్తాయి. గీతలోపల మెరుపుల్లా సన్నటి తీగలు సాగుతాయి. చూడటం నేర్చుకున్న కళ్లకు అదొక ప్రకృతి దృశ్యం. ఆయన కత్తుల్లో ఎక్కువ వాటి మీద సంతకం లేదు. కుకి మసమునే మీద కూడా లేదు. ఇది మసమునే చేతి పనే అని చెప్పేది హోన్అమి వంటి పరీక్షకుల కుటుంబాల కన్ను, వాళ్లు రాసిచ్చే పత్రం, పత్రంలో వేసిన వెల.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. నోబునాగా 1582లో సొంత సేనాని చేతిలో మోసపోయి చనిపోయాక దేశం తొయొతొమి హిదెయోషి చేతికి వచ్చింది. యోషితాకా కొన్నాళ్లకు అటు చేరాడు. హిదెయోషి 1588లో, పాత పంచాంగం ప్రకారం ఏడో నెల ఎనిమిదో తేదీన, రెండు శాసనాలు జారీ చేశాడు. ఒకటి, రైతుల దగ్గరున్న కత్తులు, ఈటెలు, తుపాకులు అన్నీ స్వాధీనం చేసుకోవాలి. కరిగించిన ఇనుము క్యోటోలో కడుతున్న మహాబుద్ధుడి ఆలయానికి మేకులుగా పనికొస్తుందని అందులో రాశారు. రెండు, సముద్రం మీద దోపిడీలు, దారికాపులు నిషేధం. పడవవాళ్లు, జాలర్లు అందరి చేతా ఇకపై అలా చేయమని ప్రమాణ పత్రాలు రాయించుకోవాలి.

ఒకే తేదీన వచ్చిన ఈ రెండింటినీ విడివిడిగా చదవడం చరిత్ర పుస్తకాలకు అలవాటు. కుకి లాంటి వంశం వైపు నుంచి కలిపి చదివితే వాటి బరువు తెలుస్తుంది. ఆ రోజుదాకా షిమా తీరంలో కత్తి ఉన్న జాలరి, సుంకం వసూలు చేసే దొర, సమురాయ్ అన్న మూడు రకాల మనుషుల మధ్య గీత గట్టిగా లేదు. ఆ తేదీతో గీత పడింది. గీతకు ఇటువైపున్న మనిషి కత్తి ధరిస్తాడు, బియ్యం లెక్కలో భూమి పొందుతాడు, పిలిస్తే ఓడలతో వస్తాడు. అటువైపున్న మనిషి వల వేసుకుంటాడు, తెడ్డు వేస్తాడు. సుంకం హక్కు ఇద్దరికీ లేదు. యోషితాకా ఇటువైపు నిలబడ్డాడు. ముప్పై ఏళ్ల కిందట ఆయనతో ఒకే పడవ ఎక్కినవాళ్ల పిల్లలు చాలామంది అటువైపు నిలబడి ఉంటారు. నడుముకున్న కత్తి ఆయుధంగా కన్నా గుర్తింపుగా ఎంత విలువైనదో ఆ రోజుతో తేలిపోయింది.

ప్రభువుల లోకంలో పేరున్న కత్తి ఒక రకమైన కరెన్సీ కూడా. యుద్ధంలో గెలిచినవాడికి ఇవ్వడానికి నేల అంతంత మాత్రమే. పాత కమ్మరుల కత్తికి మాత్రం భూమి అంత గౌరవం ఉండేది. హిదెయోషి అలాంటి కత్తులను గుట్టలుగా సేకరించి పంచాడు. పెళ్లికి, పట్టాభిషేకానికి, క్షమాపణకు, విధేయతకు కత్తి చేతులు మారేది. ఎవరి దగ్గర నుంచి ఎవరి దగ్గరకు పోయిందన్నది నమోదయ్యేది. కత్తి ప్రయాణం చూస్తే అధికారం ఎటు కదిలిందో తెలుస్తుంది.

1592లో హిదెయోషి కొరియా మీద దండయాత్ర మొదలుపెట్టాడు. యోషితాకా తన పెద్ద ఓడతో వెళ్లాడు. మొదట దానికి ‘కిషుకు మారు’ అని పేరు పెట్టుకున్నాడని, అందులోనూ దెయ్యం అన్న అక్షరం ఉందని చెబుతారు. హిదెయోషి దాని పేరు ‘నిహోన్ మారు’ అని, అంటే జపాన్ ఓడ అని మార్చాడు. ఇతరుల దేశం మీదకు దోపిడీకీ ఆక్రమణకూ వెళ్లిన యుద్ధం అది. కొరియా ప్రజలు దాన్ని మరిచిపోలేదు, మరిచిపోనక్కర్లేదు. సముద్రం మీద వీళ్లకు ఎదురైనవాడు కొరియా నౌకాధిపతి యీ సున్ సిన్. ఆగస్టు 14న హాన్సాన్ దీవి దగ్గర ఆయన జపాన్ సేనాని వకిజాకా యసుహారు దళాన్ని ఇరుకు జలసంధిలోంచి బయటి నీళ్లలోకి రప్పించి, కొంగ రెక్కల్లా విచ్చుకున్న వ్యూహంలో చుట్టుముట్టి నాశనం చేశాడు. రెండు రోజులకు ఆంగోల్పో రేవులో యోషితాకా, కాతో యోషియాకిల ఓడలు చిక్కాయి. నీరు లోతు తక్కువ. కొరియా ఓడలు వంతులవారీగా లోపలికి వచ్చి ఫిరంగులు పేల్చి వెనక్కి వెళ్లాయి. కిజు నది ముఖం దగ్గర ఎదుటివాళ్ల మీద యోషితాకా వాడిన పద్ధతి ఈసారి ఆయన మీదే పనిచేసింది. నిహోన్ మారు దెబ్బలు తిని బయటపడింది. ఆ తర్వాత సముద్ర యుద్ధాలు మానుకుని తీరంలో కోటలు కట్టుకోమని హిదెయోషి ఆజ్ఞాపించాడు.

యీ సున్ సిన్ కత్తులు కూడా మిగిలాయి. 1594లో చేయించిన రెండు పొడవాటి ఖడ్గాలు దక్షిణ కొరియాలోని ఆసాన్‌లో, ఆయన స్మారకంలో ఉన్నాయి. ఒక్కోటి సుమారు 197 సెంటీమీటర్లు, మామూలు మనిషి కన్నా పొడవు. తిప్పి నరకడానికి చేసినవి కావు. ఒకదాని మీద, మూడడుగుల కత్తి పట్టి ఆకాశం సాక్షిగా ప్రమాణం చేస్తే కొండలూ నదులూ రంగు మారతాయని చెక్కి ఉంది. రెండోదాని మీద, ఒక్క వేటున ఊడ్చేస్తే నెత్తురు కొండలనూ నదులనూ తడుపుతుందని ఉంది. 2023లో వాటిని దక్షిణ కొరియా జాతీయ సంపదగా ప్రకటించింది. కత్తుల తయారీలో చేయి తిరిగిన పనివాళ్ల పేర్లు కూడా వాటి మీద ఉన్నాయి. ఎదురెదురు పక్షాల ఇద్దరు నౌకాధిపతుల కథల్లోనూ ఓడలన్నీ పోయాయి. చెక్కకు అంత ఆయుష్షు లేదు.

యుద్ధం నుంచి వచ్చాక 1594 నాటికి యోషితాకా టోబా కోట కట్టడం పూర్తిచేశాడు. జపాన్ కోటలకు ప్రధాన ద్వారం నేల వైపు ఉండటం మామూలు. టోబాకు సముద్రం వైపు ఉండేది. ఓడ దిగి నేరుగా సింహద్వారంలోకి నడవొచ్చు. సముద్రం వైపు గోడలకు నల్లరంగు, నేల వైపు తెల్లరంగు వేయించారని, చేపలు బెదరకూడదని నలుపు ఎంచుకున్నారని స్థానికంగా చెప్పుకుంటారు. ఆ కోటను చూస్తే యోషితాకా తనను తాను ఎక్కడివాడిగా అనుకున్నాడో ఇట్టే తెలుస్తుంది. 1597లో ఆయన పదవి వదిలి, కొడుకు మోరితాకాకు అధికారం ఇచ్చాడు.

హిదెయోషి పోయాక దేశం రెండుగా చీలింది. తూర్పున తొకుగావా ఇఎయాసు, పశ్చిమాన ఇషిదా మిత్సునారి. 1600లో మోరితాకా ఇఎయాసు వెంట తూర్పు దండయాత్రకు వెళ్లి ఉండగా, విశ్రాంతి తీసుకుంటున్న తండ్రి పశ్చిమ పక్షం చేరి, కొడుకు కోటనే పట్టుకున్నాడు. పొరుగు ప్రభువు ఇనాబా మిచితోతో కలప రవాణా సుంకం గురించి వచ్చిన తగాదాలో ఇఎయాసు అటువైపు తీర్పు చెప్పడం ఆయన మనసులో పడిందని అంటారు. చివరిదాకా సుంకమే! ఎవరు గెలిచినా వంశం నిలవాలని తండ్రీకొడుకులు కావాలనే చెరో వైపు నిలబడ్డారన్న వాదన కూడా ఉంది. సనాదా అనే మరో ప్రభువుల కుటుంబం అలాగే చేసింది కాబట్టి ఆ వాదనను కొట్టిపారేయలేం. నా మట్టుకు నాకు ఇనాబా తగాదాలో రగిలిన కోపమే ఎక్కువ నమ్మదగ్గదిగా కనిపిస్తుంది. ఆ తీరపు మనిషికి సుంకం హక్కు డబ్బుకు మించిన విషయం.

అక్టోబరులో సెకిగహారా మైదానంలో ఇఎయాసు గెలిచాడు. ఆ గెలుపుకు కారణాల్లో ఒకటి కొబాయకావా హిదేఆకి అనే యువ ప్రభువు యుద్ధం మధ్యలో పశ్చిమ పక్షం వదిలి అటు తిరగడం. ఈ పేరు మళ్లీ వస్తుంది. యోషితాకా టోబా వదిలి, ఎదురుగా ఉన్న తోషి దీవికి పారిపోయాడు. మోరితాకా ఇఎయాసు కాళ్లావేళ్లా పడి తండ్రి ప్రాణభిక్ష సంపాదించాడు. కబురు పంపాడు. కానీ దీవిలో తోయోదా గొరోఎమోన్ అనే అనుచరుడు, తండ్రి బతికుంటే కొడుకు వంశం మునుగుతుందని భయపడి, మీరే తప్పుకోవాలని యోషితాకాకు చెప్పాడు. ఆయన కడుపు కోసుకున్నాడు. జపాన్ పాత లెక్క ప్రకారం వయసు 59. తలను ఇఎయాసు పరిశీలనకు పట్టుకెళ్తున్న మనుషులకు, క్షమాభిక్ష కబురు తెస్తున్న మనుషులు దారిలో ఎదురయ్యారని చెబుతారు. కొడుకు దుఃఖం పట్టలేక తోయోదాను వెదురు రంపంతో కోయించి చంపించాడట.

తోషి దీవిలో ఇప్పుడు రెండు సమాధులు ఉన్నాయి. మొండేనికి ఒకటి, తలకు ఒకటి. తల ఉన్నది కొండ మీద, టోబా కోట కనిపించే చోట. ఆయన జీవితంలో ఒక కత్తి పనిచేసిందని ఖాయంగా చెప్పగలిగే క్షణం ఆ చివరిదే. అందుకు వాడేది పొట్టి అలుగు. ఆ అలుగుకు పేరు లేదు. ఏ జాబితాలోనూ అది లేదు.

పేరున్న బాకు సంగతి. పాత జాబితాలు చెప్పే ప్రకారం దాన్ని దగ్గర పెట్టుకున్నది తండ్రి కాదు, కొడుకు మోరితాకా. అందుకే దాన్ని యోషితాకా కత్తి అని చెప్పడం సరికాదు, అలా చెప్పేవాళ్లు ఉన్నా. మోరితాకా దగ్గర నుంచి అది కొబాయకావా హిదేఆకి దగ్గరకు, ఆయన నుంచి ఇఎయాసు దగ్గరకు వెళ్లింది. హిదేఆకి సెకిగహారా తర్వాత ఒకయామా కోట ప్రభువై, 1602లో వారసులు లేకుండా చనిపోయాడు. అంటే తండ్రి చనిపోయిన రెండేళ్ల లోపే, కాకపోతే అంతకుముందే, బాకు కుకి ఇంటి గడప దాటి ఉండాలి. ఇఎయాసు దాన్ని తన పదో కొడుకు యోరినోబుకు ఇచ్చాడు. యోరినోబు కీ ప్రాంతానికి ప్రభువయ్యాడు. కుకి వాళ్లకు ఇంటిపేరు ఇచ్చిన చిన్న రేవు ఆయన రాజ్యంలోనిదే. ఆ విధంగా ఊరి పేరు మోస్తున్న బాకు ఆ ఊరి పాలకుల చేతికి వచ్చింది, ఊరివాళ్ల చేతికి కాదు. తర్వాత అది ఆయన వంశపు శాఖ, ఇయో ప్రాంతంలోని సైజో మత్సుదైరాల దగ్గర చాలాకాలం ఉంది. యోరినోబు మనవడు యోషిమునే ఎనిమిదో షోగున్, అంటే దేశపు సైనిక పాలకుడు అయ్యాక, దేశంలోని పేరున్న కత్తుల జాబితా తయారు చేయమని హోన్అమి కుటుంబాన్ని ఆదేశించాడు. 1719 నాటి ఆ జాబితాలో ఈ బాకు ‘కుకి’ పేరుతోనే ఎక్కింది. అప్పటికి అది వాళ్ల చేయి జారి నూరేళ్లు దాటింది.

సముద్రం కూడా జారిపోయింది. 1609లో ఇఎయాసు ప్రభుత్వం పశ్చిమ ప్రభువుల దగ్గరున్న 500 కొకులకు మించి బియ్యం మోయగల పెద్ద ఓడలన్నిటినీ స్వాధీనం చేయమంది. అవాజి దీవి దగ్గర వాటిని లెక్కపెట్టి తీసుకునే పని మోరితాకాకే పడింది. తండ్రి కట్టిన రకం ఓడలను కొడుకు చేతుల మీదుగా దేశంలోంచి తుడిచిపెట్టారు. మోరితాకా 1632లో చనిపోయాక కొడుకులు వారసత్వం కోసం తగవు పడ్డారు. మరుసటి ఏడాది ప్రభుత్వం వంశాన్ని రెండు ముక్కలు చేసి, ఒకరిని సెత్సు ప్రాంతంలోని సాందాకు 36,000 కొకులతో, ఇంకొకరిని తంబా ప్రాంతంలోని అయాబేకు 20,000 కొకులతో పంపింది. రెండూ కొండల మధ్య ఊళ్లు. ఎటు చూసినా అల కనిపించదు. 1868 దాకా రెండు వందల ఏళ్లకు పైగా, నౌకాధిపతుల వారసులు అక్కడే వరి పొలాల లెక్కలు చూసుకుంటూ గడిపారు. సాందా కోట చెరువులో పడవలు దించి యుద్ధ విన్యాసాలు చేయించేవాళ్లని అక్కడివాళ్లు చెప్పుకుంటారు.

ఆ సాందాలో ఒక అనుచరుడి ఇంట 1852లో పుట్టి, అయాబే కుకి వాళ్ల మంత్రి ఇంటికి దత్తు వెళ్లిన పిల్లవాడు కుకి ర్యూయిచి. పెద్దయ్యాక అమెరికాలో జపాన్ రాయబారిగా పనిచేశాడు. 1888లో దేశంలోని పాత ఆలయాల సంపదను ఊరూరా తిరిగి లెక్కకట్టే ప్రభుత్వ సర్వేకు నాయకుడయ్యాడు. మరుసటి ఏడాది సామ్రాజ్య మ్యూజియానికి మొదటి అధిపతి అయ్యాడు. ఆ కృషిలోంచే 1897 నాటి సంరక్షణ చట్టం, దాంతోపాటు ‘జాతీయ సంపద’ అనే వర్గం పుట్టాయి. 1950 చట్టం తర్వాత ఆ వర్గంలోకి చేరిన కత్తుల్లో కుకి మసమునే ఒకటి. అది ఉన్న మ్యూజియం ఒకయామా కోట పక్కనే, హిదేఆకి తన చివరి రెండేళ్లు గడిపిన కోట పక్కనే ఉంది.